కోచ్‌కు మార్కులు వేసేముందు ఈ రెండు అంకెలు చూడండి

తిరుపతి, 2025 సెప్టెంబర్

సంపాదకులకు నమస్కారం.

జూన్ నెలాఖరులో మీ పాఠకుల లేఖల్లో ఒకాయన భారత పురుషుల హాకీ జట్టు కోచ్ క్రెయిగ్ ఫుల్టన్‌ను వెంటనే ఇంటికి పంపించమని రాశారు. యూరప్ వెళ్లి వరసగా ఏడు మ్యాచ్‌లు ఓడిన మనిషికి జీతం దండగ అన్నారు. మొన్న సెప్టెంబర్ 7న బీహార్‌లోని రాజ్‌గిర్‌లో ఆసియా కప్ గెలిచాక అదే చోట ఇంకొకాయన ఫుల్టన్‌ను ఆకాశానికెత్తేశారు. ఇంతటి కోచ్ మనకు మళ్లీ దొరకడన్నారు. రెండు ఉత్తరాలూ కత్తిరించి పెట్టుకున్నాను. పక్కపక్కన పెట్టి చదివితే, ఒకరు ఓటములు లెక్కపెట్టారు, ఇంకొకరు కప్పు చూశారు. మధ్యలో ఆట ఎలా సాగిందో, అందులో కోచ్ చేతిలో ఉన్నదేదో, లేనిదేదో ఇద్దరికీ పట్టలేదు.

నేను తిరుపతిలో ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరైనవాణ్ని. కుర్రతనంలో చిత్తూరు జిల్లా జట్టుకు లెఫ్ట్ హాఫ్ (మైదానం మధ్యలో ఎడమవైపు కాచే స్థానం) ఆడాను. ఇప్పటికీ స్కూల్ టోర్నమెంట్లకు పిలిస్తే విజిల్ మెడలో వేసుకుని వెళ్తాను. పెద్ద పండితుణ్ని కాను గానీ, హాకీలో డిఫెన్స్ ఎక్కడ తెగుతుందో తెలుసు. ఈ ఏడాది మన కథంతా అక్కడే ఉంది.

ముందు స్కోర్లు చూద్దాం. జూన్ 7 నుంచి 22 దాకా, పెద్ద జట్లు ఆడే అంతర్జాతీయ ప్రో లీగ్‌లో మనవాళ్లు యూరప్‌లో 8 మ్యాచ్‌లు ఆడారు. ఆమ్‌స్టెల్‌వీన్‌లో నెదర్లాండ్స్ చేతిలో 1-2, 2-3. అక్కడే అర్జెంటీనా చేతిలో 3-4, 1-2. ఆ తర్వాత బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో ఆస్ట్రేలియా చేతిలో 2-3, మర్నాడు మళ్లీ 2-3. బెల్జియం చేతిలో 3-6. ఆఖరి రోజు అదే బెల్జియం మీద 4-3తో గెలిచి పరువు దక్కించుకున్నారు. లీగ్ పట్టికలో 9 జట్లకు మనది 8వ స్థానం. మన కింద ఐర్లాండ్ ఒక్కటే ఉంది.

ఏడు ఓటముల్లో ఆరు ఒక్క గోల్ తేడాతో పోయినవే. దాన్ని పట్టుకుని కొందరు "బ్యాడ్ లక్" అన్నారు. ఒకసారి అయితే సరే. ఆరుసార్లు ఒకే పద్ధతిలో పోతే దానికి లక్కుతో పని లేదు, ఎక్కడో ఏదో లీకవుతోందని అర్థం.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న రెండు అంకెలు. యూరప్‌లో ఆ 8 మ్యాచ్‌ల్లో మనవాళ్లు కొట్టిన గోల్స్ 18. ఇచ్చుకున్నవి 26. ఏడాది కిందట 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ మనం ఆడింది సరిగ్గా 8 మ్యాచ్‌లే. అక్కడ కొట్టినవి 15, ఇచ్చుకున్నవి 12. అక్కడ కాంస్యం వచ్చింది. అంటే పారిస్‌లో కన్నా మూడు గోల్స్ ఎక్కువ కొట్టి కూడా ఈసారి ఏడు మ్యాచ్‌లు పోగొట్టుకున్నారు. ఫార్వర్డ్‌లు పనికిరారు, గోల్ కొట్టే దమ్ము లేదు అని టీవీ ముందు కూర్చుని తిట్టినవాళ్లు తప్పు చోట వేలు పెట్టారు. చూడమన్న రెండు అంకెలు ఇవే: 12 ఎక్కడ, 26 ఎక్కడ! రెట్టింపు దాటింది.

రెండు చోట్లా ప్రత్యర్థులు ఒకటి కాదు కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, పారిస్‌లో ఐర్లాండ్, న్యూజిలాండ్ కూడా ఉన్నాయి. కానీ అక్కడ కూడా బెల్జియం, ఆస్ట్రేలియా, జర్మనీ, అర్జెంటీనా, బ్రిటన్ తగిలాయి. వాళ్లలో ఒక్కరూ మన మీద మూడుకు మించి కొట్టలేకపోయారు. ఆ మూడు కూడా సెమీఫైనల్లో జర్మనీ ఒక్కటే కొట్టింది.

ఫుల్టన్ పేరు చెప్పగానే హాకీ తెలిసినవాళ్లకు గుర్తొచ్చే మాట "డిఫెండ్ టు విన్". ముందు మన సర్కిల్ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) కాపాడుకుంటే గెలుపు దానంతటదే వస్తుందనేది ఆయన లెక్క. టోక్యోలో బంగారం గెలిచిన బెల్జియం జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా ఉండి, 2023లో ఇక్కడికి వచ్చారు. పారిస్ క్వార్టర్ ఫైనల్లో బ్రిటన్ మీద 17వ నిమిషంలోనే అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డ్ పడితే, మిగిలిన పదిమందితో నలభై నిమిషాలకు పైగా కాచుకుని 1-1తో షూటౌట్‌కు (సమమైనప్పుడు ఒక్కొక్కరే గోల్‌కీపర్‌తో తలపడే పోటీ) తీసుకెళ్లి 4-2తో గెలిచిన జట్టు ఆయనదే. పదిమందితో అలా కాచినవాళ్లు పదకొండుమందితో 26 ఇచ్చారు. కాబట్టి ఆయన్ను అడగాల్సిన ప్రశ్న "ఎందుకు ఓడారు" అని కాదు. "మీరు నేర్పే విద్యలోనే ఇంత తేడా ఎలా వచ్చింది సార్" అని అడగాలి.

ఇక్కడ క్రికెట్ అలవాటున్న పాఠకులకు ఒక మాట. క్రికెట్‌లో కోచ్ పైన బాల్కనీలో కూర్చుంటే కింద కెప్టెన్ నడుపుకుంటాడు. హాకీలో అలా కుదరదు. నాలుగు క్వార్టర్లు, 60 నిమిషాల ఆటలో ఎవరినైనా ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఆట ఆగనక్కర్లేదు, ఒకడు బయటికొస్తే ఒకడు లోపలికెళ్తాడు. ఎవరు ఎన్ని నిమిషాలు పరిగెత్తాలి, ఎవరికి ఎప్పుడు ఊపిరి పీల్చుకునే టైమ్ ఇవ్వాలి అనేదంతా బెంచ్ మీద నుంచే నడుస్తుంది. నాలుగో క్వార్టర్‌లో మైదానంలో ఏ పదకొండుమంది ఉన్నారన్నది కోచ్ నిర్ణయం. పైగా పెనాల్టీ కార్నర్ (మన సర్కిల్‌లో తప్పు జరిగితే ఎదుటివాళ్లకు గోల్ కొట్టడానికి దొరికే ప్రత్యేక అవకాశం) ఇచ్చారంటే అది పూర్తయ్యేదాకా మనిషిని మార్చడానికి లేదు. అలసిపోయినవాడు లోపల ఉండగా కార్నర్ పడితే, ఆ అలసిన కాళ్లతోనే కాచుకోవాలి.

నెదర్లాండ్స్‌తో మొదటి మ్యాచ్‌నే తీసుకోండి. ముందు గోల్ కొట్టింది మనం. తర్వాత 1-1. గెలుపు గోల్ వాళ్లు కొట్టింది 58వ నిమిషంలో. ఆ టైమ్‌లో డిఫెండర్‌కు ఏమవుతుందో ఆడినవాడికి తెలుస్తుంది. తొడలు బరువెక్కుతాయి. నడుం వంగదు. నడుం వంగకపోతే స్టిక్ నేలకు ఆనదు. స్టిక్ ఆనకపోతే బంతి దాని కింద నుంచి జారి పాదానికి తగులుతుంది. సర్కిల్‌లో పాదానికి తగిలిందా, పెనాల్టీ కార్నర్. లేదంటే ఒక్క అడుగు వెనకబడతాడు, ఆ అడుగులోంచే ఫార్వర్డ్ దూరిపోతాడు. నేను విజిల్ వేసే మ్యాచ్‌ల్లో పీఈటీ సార్లు గీత అవతల నుంచి "వంగరా, ఒరేయ్, వంగు" అని గొంతు చించుకుంటుంటారు. పాపం ఆ పిల్లలు ఎండలో, మట్టిలో, మధ్యాహ్న భోజనం తిని వచ్చి ఆడుతున్నవాళ్లు. అంతర్జాతీయ జట్టుకు ఆ సాకు లేదు. అక్కడ బెంచ్ మీద తాజా కాళ్లు రెడీగా ఉంటాయి. వాటిని ఏ నిమిషంలో లోపలికి పంపాలన్నదే కోచ్ పని.

అందుకని చివరి క్వార్టర్‌లో పోయిన గోల్స్‌కు బాధ్యత సగానికి పైగా ఫుల్టన్‌దే అంటాను. ఆయన అభిమానులకు కోపం వచ్చినా సరే.

మిగతా సగం ఆయన చేతిలో లేనిది. పారిస్ అయిపోగానే మన గోల్‌కీపర్ శ్రీజేశ్ రిటైరయ్యాడు. గోల్‌కీపర్ పోతే ఇంకో గోల్‌కీపర్ వస్తాడులే అనుకుంటారు జనం. మంచి గోల్‌కీపర్ కాళ్లతో ఎంత ఆపుతాడో నోటితో అంత ఆపుతాడు. వెనక నుంచి "ఎడమకు జరుగు, వాణ్ని వదలకు" అని అరుస్తూ ముందున్న నలుగురినీ తనే నడుపుతాడు. మేం ఆడేటప్పుడు మా గోల్‌కీపర్ అరుపులు ఆగిపోయాయంటే మాకు టెన్షన్ మొదలయ్యేది. ఇన్నేళ్లు ఒకే గొంతుకు అలవాటుపడ్డ డిఫెన్స్‌కు కృషన్ పాఠక్, సూరజ్ కర్కేరా గొంతులు వంటబట్టడానికి టైమ్ పడుతుంది. ఫుల్టన్ ఇద్దరినీ మార్చి మార్చి ఆడిస్తున్నారు. ఇద్దర్నీ తయారుచేసుకోవాలన్నది ఆయన ఉద్దేశం కావచ్చు. నాకైతే అది నచ్చలేదు. గోల్‌లో ఒకే మనిషి కుదురుకుంటేనే ముందున్నవాళ్లకు ధైర్యం.

మా డిపోలో ప్రతి డ్రైవర్‌కూ కె.ఎం.పి.ఎల్. లెక్క ఉండేది. లీటర్ డీజిల్‌కు బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని. తిరుమల ఘాట్‌లో తిప్పే డ్రైవర్‌ను తెచ్చి చెన్నై రూట్ డ్రైవర్ పక్కన నిలబెట్టి "నీకు తక్కువ వచ్చింది" అంటే ఎవరూ ఒప్పుకోరు, ఎక్కే దారి వేరు. కానీ ఘాట్ దిగొచ్చిన బండికి బ్రేకులు చూడకుండా మాత్రం వదిలేవాళ్లం కాదు. ఫుల్టన్ సంగతీ అంతే. పదహారు రోజుల్లో నెదర్లాండ్స్, అర్జెంటీనా, ఆస్ట్రేలియా, బెల్జియంతో తలా రెండు మ్యాచ్‌లు, అదీ వాళ్ల వాతావరణంలో. ఓటముల లెక్క పక్కన పెట్టడానికి నేను సిద్ధం. 26 గోల్స్ మాత్రం బ్రేకుల సంగతి. దాన్ని పక్కన పెట్టడానికి లేదు.

ఇక "పంపించేయండి" అనే మాట. మన హాకీలో ఈ మందు వాడనిదెప్పుడు? 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన టెర్రీ వాల్ష్ ఆ నవంబర్‌కల్లా లేడు. ఆ తర్వాత 2015లో వచ్చిన పాల్ వాన్ ఆస్ ఏడాది కూడా నిండకుండానే వెళ్లిపోయాడు. ఓల్ట్‌మన్స్‌ను 2017 సెప్టెంబర్‌లో తీసేశారు. అమ్మాయిల జట్టు దగ్గరున్న మారైన్‌ను తెచ్చి అబ్బాయిలకు పెట్టారు. 2018 కామన్వెల్త్ క్రీడల్లో పతకం రాలేదని మళ్లీ వెనక్కి పంపి, అక్కడున్న హరేంద్ర సింగ్‌ను ఇటు తెచ్చారు. ఆయన్నూ 2019 జనవరిలో తప్పించారు. ఐదేళ్లలో ఇంతమంది! ప్రతివాడూ వచ్చి తన పద్ధతి మొదలుపెట్టేలోగానే సూట్‌కేస్ సర్దుకున్నాడు. అలా వెనక్కి పంపిన మారైనే టోక్యోలో అమ్మాయిల జట్టును నాలుగో స్థానందాకా తీసుకెళ్లాడన్నది వేరే కథ.

ఫుల్టన్‌కు ముందు కోచ్‌గా ఉన్న గ్రాహమ్ రీడ్ కాలం గుర్తుందా? 2021 జూలై 25న టోక్యోలో ఆస్ట్రేలియా చేతిలో 1-7తో చిత్తుగా ఓడాం. ఆ రాత్రి ఓటు పెట్టుంటే రీడ్‌కు మన దేశంలో పది ఓట్లు పడేవి కావు. పదకొండు రోజుల తర్వాత ఆగస్టు 5న జర్మనీని 5-4తో ఓడించి 41 ఏళ్ల తర్వాత పతకం తెచ్చాడు. అదే రీడ్ 2023లో మన గడ్డ మీదే ప్రపంచ కప్‌లో క్వార్టర్ ఫైనల్‌కు దారి తీసే క్రాస్ ఓవర్ మ్యాచ్‌లో న్యూజిలాండ్ మీద 3-1 ఆధిక్యంలో ఉండి, 3-3 దాకా రానిచ్చి, షూటౌట్‌లో పోగొట్టుకుని, ఆ నెలాఖరుకే రాజీనామా ఇచ్చాడు. ఆధిక్యం చేతిలో పెట్టుకుని చివర్లో జారవిడుచుకునే రోగం ఫుల్టన్ తెచ్చింది కాదు, ఆయన రాకముందు నుంచే ఉంది. కోచ్‌ను మారిస్తే రోగం పోతుందనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఫుల్టన్ విషయంలోనూ ఇది మొదటిసారి కాదు. 2024 ఏప్రిల్‌లో పెర్త్‌లో ఆస్ట్రేలియా చేతిలో సిరీస్ 0-5తో పోయింది. అప్పుడూ ఇదే గోల. ఆగస్టులో పారిస్‌లో అదే ఆస్ట్రేలియాను 3-2తో ఓడించారు. ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను మనం ఓడించడం 1972 తర్వాత అదే. టూర్లలో మనుషుల్ని మార్చి చూసుకుని, టోర్నమెంట్‌కు సరిచేసుకోవడం ఆయన పద్ధతి అనుకోవచ్చు. ఆ పద్ధతికి నేను పూర్తిగా చేతులెత్తి దండం పెట్టను. పెర్త్‌లో ఆడినవి ఊరికే స్నేహపూర్వక మ్యాచ్‌లు. ప్రో లీగ్‌కు పాయింట్లు ఉన్నాయి, ఆఖరి స్థానానికి పోతే కింది మెట్టుకు దిగిపోతారు. ప్రయోగాలు చేసే చోటు కాదది.

బస్టాండ్ దగ్గర టీ కొట్టులో మా పాత కండక్టర్లు నన్ను జూన్ అంతా ఆడుకున్నారు. "ఏం సామీ, నీ ఫారిన్ కోచ్ ఇంకా ఉండాడా, ఎళ్లిపాయనా?" అని. సెప్టెంబర్‌లో అదే నోళ్లు "గెల్చినాడంట గదా, టీ పోయించు" అన్నాయి. పోయించాను. అయితే రాజ్‌గిర్ విజయం ఎంతటిదో కూడా నిజాయితీగా చూడాలి. ఆసియా కప్‌లో నెదర్లాండ్స్ లేదు, బెల్జియం లేదు. మొదటి మ్యాచ్‌లో చైనా మీద 4-3తో ఒడ్డునపడ్డాం. మన నాలుగు గోల్సూ పెనాల్టీ కార్నర్లే, అందులో మూడు కెప్టెన్ హర్మన్‌ప్రీత్‌వి. జపాన్ మీద 3-2. కజకిస్తాన్ మీద 15-0 కొట్టారు గానీ దాన్ని లెక్కలోకి తీసుకోను. నాలుగు జట్ల రెండో దశ సూపర్ ఫోర్స్‌లో కొరియాతో వెనకబడి, ఆఖరి క్వార్టర్‌లో మన్‌దీప్ గోల్‌తో 2-2 చేసి ఊపిరి పీల్చుకున్నారు. ఇంతవరకు చూస్తే జూన్ నాటి జట్టే. ప్రత్యర్థి మాత్రమే మారాడు.

తేడా ఆ తర్వాతే కనిపించింది. మలేసియా మీద 4-1. చైనా మీద ఈసారి 7-0. ఫైనల్లో అదే కొరియా మీద 4-1. మొదటి నిమిషంలోనే సుఖ్‌జీత్ కొట్టాడు, దిల్‌ప్రీత్ రెండు కొట్టాడు, రోహిదాస్ ఒకటి. నాలుగులో మూడు ఫీల్డ్ గోల్స్, అంటే కార్నర్ లేకుండా ఆటలో కొట్టినవి. హర్మన్‌ప్రీత్ స్టిక్ నుంచి ఒక్కటీ రాలేదు. పారిస్‌లో 15 గోల్స్‌లో 10 హర్మన్‌ప్రీత్‌వే అని గుర్తు చేసుకుంటే, ఇది చిన్న మార్పు కాదు. ఇంకా నాకు నచ్చింది, ఆఖరి మూడు మ్యాచ్‌ల్లో కలిపి ఇచ్చుకున్నది రెండే గోల్స్. వారం ముందు మూడు గోల్స్ ఇచ్చిన చైనాకే మళ్లీ సున్నా ఇవ్వడం అంటే, మధ్యలో ఎవరో కూర్చుని వీడియోలు చూపించి, ఎవరు ఎక్కడ నిలబడాలో మళ్లీ నేర్పారని అర్థం. అది కోచింగ్. కప్పు కన్నా దానికే నేను మార్కులు వేస్తాను.

మొత్తం మీద ఫుల్టన్‌కు నా లెక్కలో పాస్ మార్కులు. డిస్టింక్షన్ మాత్రం వేయను. అసలు పరీక్ష 2026 ఆగస్టులో ఉంది. ప్రపంచ కప్ జరిగేది నెదర్లాండ్స్, బెల్జియంలలోనే. జూన్‌లో మనం బోర్లాపడ్డ ఆమ్‌స్టెల్‌వీన్‌లో కూడా మ్యాచ్‌లున్నాయి. అప్పటిదాకా ఆయన్ను కదిలించకండి. అయితే అడగాల్సినవి అడుగుతూనే ఉండండి: ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరిని లోపల ఉంచుతున్నారు, గోల్‌లో ఎవరిని ఖాయం చేస్తున్నారు, హర్మన్‌ప్రీత్ లేని రోజు కార్నర్ ఎవరు కొడతారు అని.

ఇంత రాశాక అమ్మాయిల జట్టు సంగతి రాయకపోతే అన్యాయం. అబ్బాయిలు 8వ స్థానంలో ఉన్నందుకు మీ పత్రికలో అంత గోల జరిగింది కదా, అదే ప్రో లీగ్‌లో అమ్మాయిల జట్టు ఆఖరి స్థానంలో నిలిచి కింది మెట్టైన నేషన్స్ కప్‌కు దిగిపోయింది. ఒక్క పాఠకుడూ ఉత్తరం రాయలేదు, మీరూ పెద్దగా వేయలేదు. మొన్న సెప్టెంబర్ 14న చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా కప్ ఫైనల్లో చైనా చేతిలో 1-4తో ఓడారు. గెలిచుంటే ప్రపంచ కప్‌కు నేరుగా వెళ్లేవాళ్లు. అప్పుడు వాళ్ల కోచ్‌గా ఉన్న హరేంద్ర సింగ్‌ను ఎవరూ తిట్టలేదు, ఎవరూ మెచ్చుకోనూ లేదు. ఫారిన్ కోచ్ కాదు కాబట్టి తిట్టడానికి ఉత్సాహం రాలేదేమో! అడగకపోవడం దయ అనుకుంటే పొరపాటు, అది పట్టనితనం. మన యర్రావారిపాళెం మండలం నుంచి వెళ్లి భారత జట్టుకు గోల్‌కీపర్‌గా నిలబడ్డ రజని పుట్టిన జిల్లా ఇది. కనీసం ఇక్కడి పత్రికల్లోనైనా ఆ జట్టుకు కూడా లెక్కలు అడిగేవాళ్లు ఉండాలి.

ఒక మంచి వార్తతో పాటు ఒక విన్నపం. ఈ 2025 నవంబర్ 28 నుంచి డిసెంబర్ 10 దాకా జూనియర్ ప్రపంచ కప్ చెన్నై, మదురైలలో జరగబోతోంది. మన జూనియర్ల కోచ్ శ్రీజేశే. తిరుపతి నుంచి చెన్నై ఎంత దూరం, పొద్దున రైలెక్కితే మ్యాచ్ చూసి రాత్రికి వచ్చేయొచ్చు. పీఈటీ సార్లు వీలైతే పిల్లల్ని తీసుకెళ్లండి. టీవీలో బంతి మాత్రమే కనబడుతుంది. గ్రౌండ్‌లో కూర్చుంటే బెంచ్ కూడా కనబడుతుంది, ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్తున్నారో, కోచ్ ఎవరిని పిలిచి చెవిలో ఏం చెబుతున్నాడో చూడొచ్చు.

ఇక విన్నపం మీకు. హాకీ మ్యాచ్ రిపోర్టులో స్కోరు, గెలుపు ఓటమి మాత్రమే వేసి వదిలేయకండి. ఏ గోల్ ఏ నిమిషంలో పడిందో, పెనాల్టీ కార్నర్లు ఎన్ని వచ్చాయో, ఎన్ని ఇచ్చారో ఒక్క లైనులో వేయండి. ఆ ఒక్క లైను ఉంటే జూన్‌లో ఆ పాఠకుడు అంత కోపంగా రాసేవారు కాదు, సెప్టెంబర్‌లో ఈయన అంత సంబరంగా రాసేవారూ కాదు. స్థలం లేదని మాత్రం అనకండి. ఒక క్రికెటర్ కొత్త కారు పక్కన నిలబడ్డ ఫొటోకు మొన్న మూడు కాలమ్‌లు ఇచ్చారు. అది కూడా కత్తిరించి పెట్టుకున్నాను.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి, ఒకప్పటి లెఫ్ట్ హాఫ్
కొర్లగుంట, తిరుపతి
(పేరు అచ్చు వేయవద్దని మనవి. టీ కొట్టులో మళ్లీ నేనే పోయించాల్సి వస్తుంది.)